చాయ్ చల్లారే దాకా

“నేను పోను. ఆ పైపు నా గొంతుల దిగదు,” అన్నాడు బాలకిషన్, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

నారాయణగూడలోని ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లంతా అటు తిరిగి చూశారు. పరీక్ష గది తలుపు దగ్గర నర్సు విసుగ్గా నిలబడి ఉంది. గొంతులోంచి పైపు దించి అన్నవాహికను చూసే పరీక్ష అది. కావాలని పట్టుబట్టి వచ్చింది కూడా ఆయనే. వేడి వేడి చాయ్ తాగేవాళ్లకు అన్నవాహికలో కేన్సర్ రావచ్చని పేపర్లో చదివిన రోజు నుంచీ ఆయనకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంది. ఆఫీసువాళ్లిచ్చిన మెడికల్ కార్డు మీద ఈ పరీక్ష రాయించుకునే దాకా డాక్టర్‌ను వదల్లేదు. తీరా ఆ పైపు కంటబడేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

“జర ధైర్యం చేయండి,” అంది భార్య అరుంధతి.

“నీకేం, మస్తు చెప్తవ్. నీ గొంతు గాదు గద.”

అరుంధతి పరీక్ష గది తలుపు వైపు చూసింది. “సరే, ముందు నేను చేయించుకుంట. నాకేం గాకుంటె అప్పుడు మీరు పోండి.”

బాలకిషన్ వద్దనలేదు. వద్దనాలని ఆ మహానుభావుడికి తోచనే లేదు. నర్సు లోపలికెళ్లి అడిగి వచ్చింది. “సాబ్ రమ్మంటున్నరు. ఇద్దరికీ కార్డు ఒకటే గద, దాని మీదనే రాస్తం.”

అరుంధతి చాలాసేపటికి బయటికొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏం గాలే, పోండి,” అంది బొంగురుగా. ఇక తప్పించుకునే దారి లేక ఆయన కూడా లోపలికి నడిచాడు. ఇద్దరి అన్నవాహికలోంచీ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపామని, ఫలితం రాగానే ఫోన్ చేస్తామని చెప్పి ఇద్దరినీ ఇంటికి పంపేశారు.

అశోక్‌నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఆ రోజు నుంచి చాయ్ బంద్. బాలకిషన్ కోపం మాత్రం బంద్ కాలేదు.

“పొగలు గక్కే చాయ్ పోసి పోసి నా గొంతు కాల్చినవ్,” అనేవాడు, ఆమె ఎదురుపడినప్పుడల్లా.

“జర చల్లారితే చాలు, తీస్కపోయి పారబోసేటోళ్లు గద మీరు.”

“నోరు మూస్కో.”

ఆమె నోరు మూసుకునేది. ఆయన మంచం మీద పడుకుని గుటకలు మింగి చూసుకునేవాడు.

ఒక సాయంత్రం కింది వాటాలోని దక్షిణామూర్తి మెట్లెక్కి వచ్చాడు. ఆ ఇంటి మొత్తానికీ ఫోన్ ఉన్నది ఆయన దగ్గరే. కూర్చోమన్నా కూర్చోలేదు. “ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది బాలకిషన్ గారూ. మీ కార్డు మీది రిపోర్టు మంచిగ లేదట. పొద్దున రమ్మన్నరు.”

 దక్షిణామూర్తి వెళ్లాక బాలకిషన్ భార్య వైపు తిరిగాడు. “అయిపాయె. చంపుకున్నవ్ గద నన్ను.”

అరుంధతి ఏడవలేదు. “మీకేం గాదు,” అంది.

“నీకెట్ల తెలుసు?”

“మీకేం గాదండి.” మళ్లీ అదే మాట.

మొగుడు పోతున్నాడంటే కంట చుక్క రాలని ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నాను అనుకున్నాడాయన. ఆ కచ్చతోనే మర్నాడు ఆమెను రావద్దని ఒక్కడే ఆసుపత్రికి వెళ్లాడు.

“ఆమె రాలేదా?” అన్నాడు డాక్టర్.

“నాకే చెప్పండి సార్. ఎన్నాళ్లు బతుకుత?”

“మీకేం లేదు. మీది శుభ్రంగా ఉంది. కేన్సర్ మీ భార్యకు.”

ముందు బాలకిషన్‌కు కలిగింది సంతోషమే. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ తర్వాత, అలా సంతోషపడింది తానేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. “చాయ్ వల్లనేనా సార్?” అన్నాడు.

“దానివల్లనే అని చెప్పలేను. మరీ వేడిగా తాగితే ముప్పు ఉండొచ్చంటున్నారు. ఆమె ఎట్లా తాగుతారు?”

 అరుంధతి చాయ్ తాగుతుండగా బాలకిషన్ ఎన్నడూ చూడలేదు.

నారాయణగూడ నుంచి నడుచుకుంటూనే బయల్దేరాడు. చిక్కడపల్లి హోటల్ ముందు తెలిసినవాళ్లెవరో పిలిచినా ఆగలేదు. ఆమెకు ఎట్లా చెప్పాలా అని దారంతా మథనపడ్డాడు. ఒక్క మాటే ఊరటగా దొరికింది. ఆ రోజు తాను భయపడి ఆమెను ముందు పంపకపోతే ఈ రోగం బయటపడేదే కాదు. ఆ మాట పట్టుకుని ఇల్లు చేరాడు.

అరుంధతి చేటలో బియ్యం పోసుకుని ఏరుతోంది.

“నువ్వు చాయ్ ఎప్పుడు తాగుతవ్?” అని అడిగాడు, గడపలోనే నిలబడి.

ఆమె తలెత్తలేదు. “పొయ్యి మీంచి దించంగనే. చల్లారే దాకా ఆగితే మీరు ఏదో పనికి కేకేస్తరు గద.”

ఆయన వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. ఏడుపు ఆగలేదు. “ఆ దినం నేను భయపడుడే మంచిదైంది అరుంధతీ. నాకు ధైర్యం చెప్పనీకి నువ్వు ముందుగాల పోకుంటె నీ రోగం సంగతి తెల్వకనే పోతుండె.”

“మీకు ధైర్యం చెప్పనీకి పోలేదండి నేను,” అంది అరుంధతి. “నాకు అన్నం బుక్క దిగక నెలలాయె. గట్లన్న ఒక్కసారి చూపించుకుందామని పోయిన.”