నాలుగో గుంట

"నాలుగో గుంట మాత్రం ఇక్కడ వద్దు మేస్త్రీ గారూ," అంది కోడలు, అతడు సున్నంతో గీసిన గీతల మధ్యకు వచ్చి నిలబడి.

మేస్త్రీ తలెత్తి చూశాడు. కారు షెడ్డుకు నాలుగు స్తంభాలు, నాలుగు స్తంభాలకు నాలుగు గుంటలు. పొద్దుటినుంచి మూడు తవ్వాడు. ఈ రోజు కాంక్రీటు పోస్తేగాని వచ్చే వారం షెడ్డు బిగించేవాళ్ళు వచ్చేనాటికి అది గట్టిపడదు.

"సారు కాగితం మీద గీసిచ్చారమ్మా. ఇదిగో, సరిగ్గా ఇక్కడే."

"సారు ఆఫీసులో కూర్చుని గీస్తారు. ఇంట్లో తిరిగేది మేము. ఓ మూడడుగులు అటు జరపండి."

"జరిపితే మూలలు కలవవు. షెడ్డు వంకరగా నిలబడుతుంది. చూసినవాళ్ళు మేస్త్రీ తాగి కట్టాడంటారు."

కోడలు కదలలేదు. కదలకపోవడానికి కారణం ఆమె కాళ్ళ కిందే ఉంది. అత్తగారికి వాళ్ళ అక్కగారు పోయేముందు ఇచ్చిన పింగాణీ పూలపాత్ర, ఎనిమిది నెలల క్రితం దుమ్ము దులుపుతుండగా ఈమె చేతిలోంచి జారి ఏడు ముక్కలైంది. ముక్కలను చెత్తబుట్టలో వేయడానికి వీల్లేదు. ఇంట్లో ఏమేం వృథా అయ్యాయో పుల్లతో కదిపి చూసుకుంటేగాని అత్తగారు బుట్టను గడప దాటనివ్వరు. ఆవరణలో నేలంతా రాయిలా ఉంటుంది. బట్టలుతికిన నీళ్ళు పారడంవల్ల ఈ మూల ఒక్కటే మెత్తన. అందుచేత ముక్కలు ఈ మూలకే చేరాయి. పూలపాత్రను ఆఫీసులో ఏదో వేడుకకు తన పై అధికారిణి అడిగి తీసుకుందని కోడలు చెప్పింది. ఆ అధికారిణి పాపం, అప్పటినుంచీ రేపే తిరిగి ఇస్తోంది. "ఆవిడ ముచ్చట ఇంకా తీరలేదుటే?" అని అత్తగారు వారానికోసారి అడుగుతూనే ఉన్నారు.

ఆ అత్తగారే ఇప్పుడు కళ్ళజోడు సవరించుకుంటూ మెట్లు దిగారు.

"ఏమిటే అమ్మాయ్, అలా పాతేసినట్టు నిలబడ్డావు?"

కోడలు కాలి కింది మట్టిని పాదంతో అదిమింది. "ఏం లేదత్తయ్యా. ఇక్కడ తవ్వుతారట. నీళ్ళు పారే చోటు కదా, స్తంభం తుప్పు పట్టిపోతుందంటున్నాను."

అత్తగారు సున్నం గీతలను చాలాసేపు చూశారు. "నిజమే. అక్కడొద్దు నాయనా, జరుపు."

కోడలు తన చెవులను తానే నమ్మలేకపోయింది. పదకొండేళ్ళ కాపురంలో ఉప్పు పాళ్ళ దగ్గరనుంచి కిటికీ తెరల రంగుదాకా, తన మాటకు అత్తగారు "నిజమే" అనడం ఇదే మొదలు.

"పెద్దమ్మగారూ, మీరు కూడానా?" అంటూ మేస్త్రీ గడ్డపారను అలా ఊరికే ఆనించాడు. అది జానెడు లోపలికి దిగిపోయింది. అతడి కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదేమిటమ్మా, వెన్నలో దిగినట్టు దిగుతోంది? ఎవరో తవ్వి పూడ్చిన మట్టి ఇది. ఇందులో స్తంభం నిలబడదు."

"అదేగా మేం చెప్పేది," అన్నారు అత్తాకోడళ్ళు ఏకకంఠంతో.

"అందుకే గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. పక్కకు జరిపినా సరే, ఈ గుల్ల మట్టంతా తీసి రాళ్ళు కూరాల్సిందే. లేకపోతే తొలి గాలికే షెడ్డు కారు మీద కూర్చుంటుంది. అప్పుడు సారు తిట్టేది నన్ను."

ఆ విధంగా, రెండడుగుల గుంటతో పోవలసిన ప్రమాదం వాళ్ళిద్దరి వాదన పుణ్యమా అని మూల మొత్తానికీ పాకింది.

"పోనీ, అసలు షెడ్డే వద్దు," అన్నారు అత్తగారు. "ఎండలో ఉంటే కారేమైనా కరిగిపోతుందా?"

"బాగా చెప్పారత్తయ్యా."

"మరి ఆ మూడు గుంటల్లో ఏం దాచుకుంటారమ్మా?" అన్నాడు మేస్త్రీ. అతడు గడ్డపార ఎత్తాడు. కోడలు గీతల మధ్యనుంచి తప్పుకుని కళ్ళు మూసుకుంది.

మూడో పోటుకు ఠంగుమంది.

కోడలు కళ్ళు తెరిచింది. పింగాణీ అలా మోగదు. మేస్త్రీ వంగి, పిడి పట్టుకుని పైకి లాగినది ఒక నాన్‌స్టిక్ పెనం. దాని నల్లని పూత సగం లేచిపోయి, మిగిలిన సగం నిండా స్టీలు పీచు గీతలు. అయిదు నెలల క్రితం ఆమె ఇల్లంతా గాలించి వదులుకున్న పెనం.

"ఇది నాదే," అంది కోడలు. అత్తగారు ఎదురింటి బాల్కనీని పరిశీలిస్తున్నారు. "మా చెల్లెలు పట్టుకెళ్ళి ఉంటుందన్నారు మీరు. ఆ మాట మీద అప్పటినుంచీ దానితో నాకు మాటల్లేవు."

"పీచుతో తోమకూడదని నాకెవరైనా చెప్పారా? పోనీ బుట్టలో వేద్దామా అంటే, దాన్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళేది నువ్వాయె. ఇంకెక్కడ పెట్టమంటావు?"

భయం ఉన్నచోట ధైర్యం, ధైర్యం వెనకాలే న్యాయాధిపతి గాంభీర్యం కోడలి ముఖంలోకి వచ్చి చేరాయి.

"పెనం పోతే పోయిందత్తయ్యా. పెద్దవారు, ఒక్క మాట చెబితే నేను కాదంటానా? ఒకే ఇంట్లో ఉంటూ ఈ దాపరికాలేమిటన్నదే నా బాధ. సరే, మేస్త్రీ గారూ, దొరికిందిగా, ఇక చాలు. రాళ్ళు కూరేయండి."

"గట్టి నేల ఇంకా తగల్లేదమ్మా," అంటూ మేస్త్రీ గుంటలోకి చెయ్యి పెట్టబోయాడు.

"చేత్తో వద్దు నాయనా, పారతో తియ్యి," అన్నారు అత్తగారు, బాల్కనీమీదనుంచి చూపు తిప్పకుండానే. "పెనం పాతిన రోజున, దాని కింద మా అక్క పూలపాత్ర ముక్కలు గుచ్చుకుని నా వేలు తెగింది."