రక్తంలో దొరకని జబ్బు

“రక్తం బాగుంది, గుండె బాగుంది. మరి డ్యూటీకొచ్చేసరికే నీరసమేటి?” విచారణాధికారి శంకరరావు ఫైలు మూసేశాడు.

ఎదురుగా ఫిట్టర్ రమణమూర్తి కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. ఏడాదిగా స్పానర్ ఎత్తలేకపోతున్నాడు. కనురెప్పలు వాటంతటవే వాలిపోతున్నాయి. బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో అందరూ ‘కామ్‌చోర్’, పనిదొంగ అంటున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈరోజు తేలిపోవాలి.

డాక్టర్ మాధవీలత మద్రాసు నుంచి వచ్చిన రిపోర్టు ముందుకు జరిపింది.

“రక్తంలో వెతికితే దొరకదండీ. ఒంట్లో కణాల్లో శక్తి పుట్టించే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. వాటిలోని ప్రోటీన్లు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. గుండెలో ఒక తీరు, కండలో మరో తీరు. ఏది ఎంత తయారవాలో కూడా చోటును బట్టి మారుతుంది. ఇతని తొడ కండ ముక్క తీసి చూశాం. అక్కడ ఉండాల్సిన ప్రోటీన్ ఒకటి బాగా తక్కువగా ఉంది.”

“అచ్ఛా. పుట్టుకతో వచ్చిందా?”

“అవునండీ. ఈ రకం తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. తల్లికి పైకి కనబడకపోవచ్చు.”

శంకరరావు తలుపు దగ్గరున్న రమణమూర్తి తల్లి అప్పలనర్సమ్మను చూశాడు. అరవై దాటినా నిటారుగా నిలబడి ఉంది.

“అయితే ఈవిడ కండ కూడా తీసి చూడండి.”

అప్పలనర్సమ్మ బల్ల దాకా వచ్చింది.

“నా ఒళ్లు ముట్టుకోవద్దు బాబూ. నా కొడుకుని కోసినారు, సాలు. ఆడికి నా వల్లే వచ్చింది. రాసుకోండి. ఏలిముద్ర ఎక్కడెయ్యాల?”

“ఆమె పరీక్షతో పనిలేదండీ,” అంది డాక్టర్. “ఇతని రిపోర్టు చాలు.”

శంకరరావు చాలాసేపు రిపోర్టు చదివాడు. చివరికి స్టోర్సులో కూర్చుని చేసే పని ఇమ్మని రాసి సంతకం పెట్టాడు.

వరండాలో కోడలు కనకమహాలక్ష్మి అత్త దారికి అడ్డు నిలబడింది.

“పెళ్లికి ముందే ఎందుకు సెప్పలేదత్తా? నీ రోగం దాసిపెట్టి నా గొంతు కోసినావు.”

“ఔను, దాసినాను. ఎన్నంటావో నన్ను అను. ఆణ్ని కామ్‌చోరన్నోళ్లని మాత్రం నా కాడికి తీసుకురా.”

రమణమూర్తి గోడ పట్టుకుని నడిచివచ్చి తల్లి చెయ్యి అందుకున్నాడు.

“నీ కడుపున పుట్టినందుకు నాకేటీ బాధ నేదమ్మా.”

అప్పలనర్సమ్మ ఎన్నడూ ఎవరినీ కనలేదు.