కదలని ముసలమ్మ

“ఈ ముసలమ్మను తీసెయ్యండి. తీసేస్తే ఇప్పుడే సంతకం పెడతాను,” అన్నాడు యోస్ట్, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

రదీమ్, వెండులా మొహామొహాలు చూసుకున్నారు. భార్యాభర్తలిద్దరూ చెక్ దేశంలో, ఓలోమౌత్స్ ఊళ్ళోని ఆ చిన్న ఇంట్లో కూర్చుని చేసిన గేమ్ అది. యోస్ట్ గేములు విడుదల చేసే డచ్ కంపెనీ మనిషి. ఆయన కాదంటే సోమవారం నుంచి రదీమ్ మళ్ళీ గిడ్డంగిలో పెట్టెలు మొయ్యాలి. వంటింట్లో వెండులా వాళ్ళ అమ్మమ్మ గిన్నెలు సర్దుతోంది, కాస్త గట్టిగానే.

“మిగతాదంతా ఎలా ఉంది?” అడిగింది వెండులా.

“చాలా బాగుంది. ఆ మంచు, మిల్లు చప్పుడు, కిటికీలో దీపం... నిజంగా భయం వేసింది. మొత్తం కలిపి గంటన్నరే అన్నారు, అదొక లోటు. అయినా సాగదీసి విసిగించడం కన్నా నయం. పజిల్స్ కూడా న్యాయంగా ఉన్నాయి, ఇదొక్కటి తప్ప.”

“ఇందులో అన్యాయం ఏముంది?” రదీమ్‌కి చురుక్కుమంది.

“మీరే చూడండి. బాటసారి తలుపు కొట్టాడు. ముసలమ్మ తీసి, నవ్వుతూ లోపలికి రమ్మంది. అంతే, వెళ్ళి గోడకేసి తిరిగి కూర్చుంది. మిల్లు తాళంచెవి ఇవ్వదు, పలకదు. కట్టెలు తెచ్చాను. నీళ్ళు తోడాను. పిల్లికి పాలు పోశాను. ఇంకేం చెయ్యాలి, కాళ్ళు పట్టుకోవాలా?”

“మా ఊళ్ళో ఆడినవాళ్ళెవరూ ఇక్కడ ఆగలేదు.”

“నాకూ చెక్ భాష వచ్చండీ, కష్టపడి నేర్చుకున్నాను. ఆవిడ అన్న ప్రతి మాటా అర్థమైంది. ఆవిడ చెప్పినట్టే చేశాను.”

“అదే మీ తప్పు,” అనేశాడు రదీమ్. వెండులా బల్ల కింద అతని కాలు తొక్కింది.

“జవాబైనా చెప్పు, లేకపోతే తీసైనా పారెయ్,” అంది గుసగుసగా. “మొండికేస్తే మునిగేది మనమే.”

“చెప్తే అది పజిలెలా అవుతుంది? ఆవిణ్ణి తీసేస్తే ఇందులో మిగిలేది ఒట్టి మంచు.”

ఆలుమగల గొడవలో తల దూర్చడం ఇష్టంలేక యోస్ట్ కాగితాలు సంచిలో పెట్టుకోబోయాడు. వంటింటి వైపు చూసి ఆగాడు.

“ఒక మాట. మీ అమ్మమ్మగారికి నా మీద కోపమా? తలుపు తీసినప్పుడు ఎంతో ఆప్యాయంగా మాట్లాడారు. తర్వాత ఇటు తొంగి చూడలేదు. కొలాచె రొట్టెల వాసన వస్తోంది గానీ రొట్టెలు రావడం లేదు.”

“తలుపు దగ్గర ఏమంది?” వెండులా గొంతు మారింది.

“‘బూట్లు విప్పకండి బాబూ, పరవాలేదు, అలాగే వచ్చెయ్యండి’ అన్నారు. అలాగే వచ్చేశాను.”

వెండులా కిందికి చూసింది. తలుపు నుంచి బల్ల దాకా తివాచీ మీద కరిగిన మంచు, బురద. యోస్ట్ కూడా చూశాడు. తర్వాత తల ఎత్తి తెర వైపు చూశాడు. అక్కడ ముసలమ్మ మాట ఇంకా అలాగే కనిపిస్తోంది: ‘విప్పకు నాయనా, అలాగే లోపలికి రా.’

అతను బూట్లు విప్పి, తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టాడు. మేజోళ్ళతో తిరిగొచ్చి, మౌస్‌తో బాటసారి బూట్ల మీద నొక్కి వాటినీ విప్పించాడు. ముసలమ్మ ఇటు తిరిగింది. తాళంచెవి బాటసారి చేతిలో పెట్టింది.

“ఏమీ మార్చకండి,” అన్నాడు యోస్ట్. కాగితాలు మళ్ళీ బల్ల మీద పరిచి సంతకం పెట్టాడు. వెండులాకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో అతిథి కోసం ఇంట్లో వేసుకునే చెప్పులు, ఇంకో చేతిలో రొట్టెల పళ్ళెం పట్టుకుని అమ్మమ్మ వచ్చింది. అతని కాళ్ళు చూసి తెగ నొచ్చుకుంది.

“అయ్యో, ఎందుకు విప్పారు బాబూ? వద్దన్నానుగా.”