పైకి లేవని పళ్లెం

ఈ ముసలాయన దొంగేనని ఒర్తెన్సియా మొదటిరోజే తేల్చేసుకుంది.

వల్పరైసో రేవు పైన కొండమీద, పాత ఓడల కాగితాలు దాచే గ్రంథాలయం అది. అక్కడ చదువుకునే గదికి ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమే కాపలా. నిజంగా చదివేవాడెవడో, చదువుతున్నట్టు నటించేవాడెవడో గుమ్మంలోనే పసిగట్టేస్తుంది. ఈయన రెండో రకం. పేరు బాల్దొమేరో. పున్తా ఎరిసో అనే జాలర్ల ఊళ్లో తెరచాపలు కుట్టి బతికినవాడు. అలాంటివాడికి తొంభై ఏళ్లనాటి రేవు అధికారి ఉత్తరాల కట్టతో ఏం పని?

పైగా వస్తూనే ఆయనే అన్నాడు. "నా మీద ఓ కన్నేసి ఉంచండి సెన్యొరీటా. నా చేతులు నా మాట వినవు."

"ఓ కన్నేం ఖర్మ, రెండూ వేస్తాను," అంది ఒర్తెన్సియా.

ఆమె భయం ఆమెది. పోయినేడాది ఎవరో పెద్దమనిషి సముద్రపటం ఒకటి చొక్కాలో దోపుకుని పోయాడు. ఇంకొక్క కాగితం పోయిందంటే ఉద్యోగమూ ఉండదు, పింఛనూ ఉండదని డైరెక్టర్ దోన్ అన్సెల్మో మొహం మీదే చెప్పేశాడు. పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది.

అందుకే ఆమె త్రాసు తెప్పించింది. సుంకాల ఆఫీసులో ఒకప్పుడు వెండి తూచిన ఇత్తడి త్రాసు. పిసరంత తేడా ఉన్నా పట్టేస్తుంది. మొదటిరోజే కట్టని ఒక పళ్లెంలో, తూనికరాళ్లని రెండో పళ్లెంలో పెట్టి, రెండూ సమంగా నిలిచాక ఆ రాళ్లని విడిగా సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. రోజూ సాయంత్రం కట్టని తూచాకే ఆయన్ని వదిలేది. కాగితం పోతే కట్ట తేలికవుతుంది, పళ్లెం పైకి లేస్తుంది. ఆమె చూసేది అదొక్కటే.

తూచాక ఆయన జేబులు బయటికి లాగించేది. టోపీ తీయించేది. ఆఖరికి మేజోళ్లు కూడా విప్పించేది.

"మా ఆవిడ కూడా నన్నింతగా వెతకలేదమ్మా," అనేవాడు బాల్దొమేరో. "రేపు ఉతికిన మేజోళ్లు వేసుకొస్తాలెండి."

చదువుతున్నంతసేపూ ఆయన చూపు కాగితాల మీద నిలిచేది కాదు. ఆమె వైపు దొంగచూపులు చూసేవాడు. చెయ్యి చొక్కాలోకి పోనిచ్చి, ఆమె తలెత్తగానే తీసేసేవాడు. ఆమెకి ఒళ్లు మండిపోయేది.

ఆరోరోజు ఆ చెయ్యి ఉత్తినే రాలేదు. కాగితం మడత ఒకటి పట్టుకుని వచ్చింది. ఒర్తెన్సియా ఒక్క అంగలో వెళ్లి లాక్కుంది. విప్పి చూస్తే రొయ్యలు కూరి, కజ్జికాయలా మడిచి వేయించిన ఎంపనాడా! నూనె ఓడుతోంది.

"ఇక్కడ తిండి తేకూడదని గోడ మీద అంతలేసి అక్షరాలతో రాశాం, కనపళ్లేదా?"

"ఆకలేసినప్పుడు గోడలెవరు చూస్తారు తల్లీ?"

ఆ జిడ్డు ఎక్కడ కాగితాలకి అంటుకుంటుందోనని దాన్ని దూరంగా పట్టుకుని, వీధి గుమ్మం దాకా నడిచి, చెత్తడబ్బాలో పడేసి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. ఆయన బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ సాయంత్రం ఆమె గుండె చిక్కబట్టుకుని కట్టని తూచింది. పళ్లెం లేవలేదు. నిబ్బరంగా కూర్చుంది. హమ్మయ్య అనుకుంది.

తొమ్మిదోరోజు బాల్దొమేరో కట్టలోంచి ఒక కాగితం పైకెత్తాడు. "ఇది కాస్త చదివిపెట్టండి సెన్యొరీటా. ఈ పాతరాత నాకు కొరుకుడు పడటం లేదు."

చదివింది. పున్తా ఎరిసో ఒడ్డు అక్కడి జాలర్లకీ, వాళ్ల పిల్లల పిల్లలకీ శాశ్వతంగా చెందుతుందని రేవు అధికారి రాసిచ్చిన పత్రం అది. ఆ ఒడ్డునే ఒక హోటల్ కంపెనీ అడుగుతోందనీ, నలభై కుటుంబాలు ఖాళీ చేయాల్సి వస్తుందనీ, కేసు కోర్టులో ఉందనీ ఆయన అప్పుడు చెప్పాడు. ఇలాంటి మనిషి చేతనా నేను రోజూ మేజోళ్లు విప్పించాను అనుకుని ఒర్తెన్సియా సిగ్గుతో చచ్చిపోయింది.

కోర్టులో కంపెనీ లాయరు ఎగిరిపడ్డాడు. "ఇన్నేళ్లు ఎవరికీ కనపడని కాగితం ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది?"

జడ్జి ఒర్తెన్సియాని పిలిపించాడు. ఆమె పండగలకి వేసుకునే నీలం కోటు వేసుకుని వెళ్లింది.

"ఆ కట్ట నా గది దాటి పోలేదండీ. రోజూ నా చేత్తోనే తూచాను. ఈయన్ని మేజోళ్లతో సహా వెతికాను. ఒక్కరోజంటే ఒక్కరోజు పళ్లెం వెంట్రుకవాసి పైకి లేస్తే ఒట్టు!"

హాలంతా నవ్వులు. జడ్జి కూడా నవ్వాడు. "ఇంత అనుమానం మనిషి కాపలా ఉన్నచోట మోసమెలా జరుగుతుందయ్యా?" అన్నాడు లాయరుతో. నలభై కుటుంబాలూ ఉన్నచోటే ఉండిపోయాయి. పేపర్లో ఒర్తెన్సియా ఫోటో పడింది. ఎన్నడూ నవ్వని దోన్ అన్సెల్మో ఆమెకి చెయ్యి కలిపి, ఇంక పింఛనుకి దిగులుపడొద్దన్నాడు.

వారం తర్వాత ఆ పత్రం కోర్టు నుంచి తిరిగొచ్చింది. అదేరోజు బాల్దొమేరో కూడా వచ్చి, ఆమె బల్ల మీద ఒక పొట్లం పెట్టాడు.

"అప్పుడు పారేశారుగా, ఇదైనా తినండి. మీ రెండు కళ్లూ లేకపోతే మా ఊరు లేదమ్మా."

ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. ఆయన వెళ్లాక, ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి, ఆ గదిలో కూర్చుని తింది. రొయ్యల ఎంపనాడా చాలా బాగుంది.

చేతులు కడుక్కొచ్చి, పత్రాన్ని దాని చోట సర్దింది. ఇంక బీరువాలో పెట్టేయబోతూ, అలవాటు కొద్దీ కట్టని త్రాసులో పెట్టింది. సొరుగులోంచి తీసి ఆ పాత రాళ్లే అటువైపు వేసింది. పళ్లెం లేవలేదు. నిబ్బరంగా కూర్చుంది. ఒర్తెన్సియా గర్వంగా నవ్వుకుంది.

అంతలో ఆ నవ్వు ఆగిపోయింది. మొదటిరోజు రెండు పళ్లాలూ సమంగా కదా నిలిచాయి?

ఇప్పుడు కట్ట ఉన్న పళ్లెం రాళ్ల పళ్లెం కన్నా ఓ పిసరు కిందికి ఉంది. ఆమె బల్ల మీది తెల్లకాగితం ఒకటి తీసి, మెల్లిగా రాళ్ల మీద పెట్టింది.

రెండు పళ్లాలూ సమంగా నిలిచాయి.