తోడు కూర్చున్న మనిషి

అనూరాధ చేతిలో పెట్టిన మొదటి చలిమిడి ముద్దని పక్కన కూర్చున్నావిడ చటుక్కున తీసేసుకుంది.

తీసుకుని నోట్లో వేసుకుందా అంటే అదీ లేదు. వెంట తెచ్చుకున్న స్టీలు డబ్బా మూత తీసి అందులో వేసుకుంది.

సుభద్రమ్మ చూసింది. కోడలి సీమంతం రోజున కోపాలెందుకులెమ్మని ఊరుకుంది.

రాజాం దగ్గర పల్లెలో వరి పండించుకునే ఇల్లు వాళ్లది. కోడలు అనూరాధ బంగారంలాంటి పిల్లే గానీ, చిన్నప్పట్నించీ సుగరు. పూటపూటా సూది మందు పొడుచుకోవాలి. రెండుసార్లు కడుపు వచ్చినట్టే వచ్చి పోయింది. సుగరు అదుపులో లేకపోతే బిడ్డ దక్కడం కష్టమని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఈసారి అనూరాధ నోరు కట్టుకుని, ఎలాగో ఏడో నెలకి చేరింది.

అలాంటి పిల్లకి చలిమిడేమిటని అడుగుతారేమో. సుభద్రమ్మ లెక్క సుభద్రమ్మకుంది. డాక్టరమ్మ మానమన్నది పంచదార. ఈవిడ పాకం పట్టింది బెల్లంతో. బెల్లం చలవ చేస్తుందే గానీ సుగరు పెంచదని ఊరంతటికీ తెలుసు, ఆ చదువుకున్నావిడకి తప్ప.

ముందురోజు అనూరాధ మెల్లిగా వద్దని చూసింది.

“ఒక్క రోజుకి ఏటీ అవ్వదే. నాను సెప్తన్నాను కదా,” అని అత్త ఆ మాట అక్కడితో తుంచేసింది. మొగుడు గోపి అమ్మ మాటకి ఎదురాడే రకం కాదు.

పైగా ఆ ఇంట్లో ఓ పద్ధతుంది. పేరంటాళ్లు చేతిలో పెట్టిన ముద్ద తిరిగి పళ్లెంలో వెయ్యకూడదు. తినాలి, లేదంటే తోడు కూర్చున్న మనిషి తీసుకోవాలి. ఆ మనిషి మర్యాదకి ఒక్క ముద్ద తీసుకుని, తక్కినవి కడుపుతో ఉన్న పిల్లకి వదిలేస్తుంది.

ఈవిడకి ఆ మర్యాద తెలిసినట్టు లేదు. రెండో ముద్దా తీసుకుంది. మూడోదీ తీసుకుంది. పేరంటాళ్లు వరస కట్టి పెడుతుంటే ఈవిడ వరసపెట్టి డబ్బాలో సర్దుతోంది.

నలభై దాటిన మనిషి. ముతక చీర, నుదుటన పెద్ద బొట్టు. వస్తూనే తిన్నగా పోయి అనూరాధ పక్కన కూర్చుండిపోయింది.

“మీవైపు మనిసేనా వదినా?” సుభద్రమ్మ వియ్యపురాలి చెవిలో అడిగింది.

వియ్యపురాలు నోరెళ్లబెట్టింది. ఆవిడ కూడా మీవైపు మనిషే అనుకుందట.

ఆడవాళ్లంతా ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. ఈ వారానికి సరిపడా మూటగట్టేస్తోందని ఎవరో అన్నారు. అనూరాధ తలెత్తలేదు. సిగ్గుతో చచ్చిపోతోంది కాబోలనుకుంది సుభద్రమ్మ.

డబ్బా నిండింది. ఆవిడ కొంగు పరిచింది.

అప్పుడిక సుభద్రమ్మ ఆగలేకపోయింది.

“ఏటమ్మా, కడుపుతో ఉన్న పిల్ల నోటికాడిది లాక్కుంటన్నావు? ఇంట్లో పిల్లలెంతమందేటి నీకు?”

ఆవిడ తలెత్తి చూసింది. కాస్త ఆలస్యంగా నవ్వింది.

“సానామందున్నారమ్మా. అందరికీ తీపంటే పేనం.”

పళ్లెం ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక లేచింది. సుభద్రమ్మ అందరికీ బొట్టు పెట్టి, తాంబూలాలిచ్చి, ఆవిణ్ణి మాత్రం కావాలని దాటిపోయింది. ఆవిడేమీ అనుకున్నట్టు లేదు. అనూరాధ తల ఓసారి నిమిరి, డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

నెలలు నిండాక శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. బొద్దుగా ఉంది, గుక్కపట్టి ఏడ్చింది. డాక్టరమ్మ బిడ్డ మడమ దగ్గర చుక్క రక్తం తీసి చూసి, తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారని చెప్పింది. గోపి ఆస్పత్రి వరండాలో కనబడ్డవాళ్లందరికీ ఆ మాటే చెప్పుకుంటూ తిరిగాడు.

సుభద్రమ్మ ఆనందం పట్టలేకపోయింది. అంతా తను పెట్టించిన చలిమిడి చలవేనని డాక్టరమ్మతోనే గొప్పగా చెప్పేసింది.

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఎంత పెట్టారని అడిగింది.

“పేరంటాలికో ముద్ద. బెల్లంతోనే లెండి.”

డాక్టరమ్మ ఆవిణ్ణి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఒంట్లోకి వెళ్లాక బెల్లమైనా పంచదారైనా ఒకటేనంది. అన్ని ముద్దలూ తిని ఉంటే ఆ సాయంత్రమే కోడల్ని ఇక్కడికి మోసుకొచ్చేవాళ్లని, బిడ్డ సంగతి తను చెప్పలేకపోయేదాన్నని అంది.

సుభద్రమ్మ లేచి కోడలి గదిలోకి వెళ్లింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు కోడలి నోట్లోకి ఒక్క ముద్ద కూడా వెళ్లలేదు.

కోడలి మంచం అంచున కూర్చుని, “ఆ డబ్బా ఆవిడెవరే?” అని అడిగింది.

“మరిడమ్మ. సుగరు డాక్టరు కాడ లైన్లో కలిసింది అత్తా. నీకు సెప్పలేక, నానే బతిమాలి పిలిసేను.”

సుభద్రమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ మనిషిని తను ఎంత మాటంది, ఎలా పంపేసింది. తనమీద తనకే కోపం వచ్చింది. ఒళ్లోకి తీసుకున్న మనవరాలు ఆవులిస్తుంటే ఆ కోపమూ ఎంతోసేపు నిలవలేదు.

“బారసాలకి పిలవాల. నా సేత్తో బొట్టెడతాను. పిల్లని ముందు ఆవిడ ఒళ్లోనే ఏస్తాను,” అంది. “ఆ పిల్లలందర్నీ ఎంటెట్టుకుని రమ్మని సెప్పు.”

అనూరాధ అత్త చేతిమీద చెయ్యి వేసింది.

“ఆవిడికి పిల్లల్లేరత్తా, నాకున్న ఈ సుగరుతోనే ముగ్గురూ కడుపులోనే పోనారు.”