చిట్టి నోరు విప్పేదాకా

“రేపటి నుంచి నన్ను లోపలికి రానివ్వకపోతే, దానికి దాహమేస్తే ఎవరినడుగుతుంది? అడగలేక అక్కడే కళ్లు తిరిగి పడిపోతే?” అంది చిట్టి తల్లి, బడి కమిటీ సమావేశం ఇంకా మొదలుకాకముందే.

కమిటీవాళ్లు ఒకటో తరగతి గదిలో పిల్లల బల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. చిట్టి తల్లీ అందులో సభ్యురాలే. అధ్యక్షుడు టైలరు తాత. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే మెడలో టేపు సర్దుకుని, “పడిపోదులేమ్మా. ముందు టీచరమ్మని చెప్పనీ” అన్నాడు.

సంగతి అందరికీ తెలిసిందే. ఇంట్లో వసపిట్టలా వాగే చిట్టి, బడిలో అడుగుపెడితే పెదవి విప్పదు. చేరిన కొత్తలో బెరుకనుకున్నారు, ఇప్పటికీ అంతే. బడి వేళల్లో తల్లిదండ్రులెవరూ లోపలికి రాకూడదని కమిటీయే నియమం పెట్టింది. మళ్లీ కమిటీయే జాలిపడి, చిట్టి నోరు విప్పేదాకా తల్లి మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చోవచ్చంది. ఇప్పుడు మిగతా తల్లులు గేటు దగ్గర గొడవ పెట్టుకుంటున్నారు.

“‘కమిటీలో ఉంటేనే తల్లా, మేం కామా?’ అని నిలదీస్తున్నారు. నా దగ్గర జవాబు లేదు” అంది పెద్ద టీచరు.

“వాళ్లన్నదీ నిజమే” అన్నాడు ఇంకో సభ్యుడు, బస్సు కండక్టరు. “ఒకరిని టికెట్టు లేకుండా ఎక్కించుకుంటే బస్సంతా అడుగుతుంది.”

“మా పిల్ల బస్సు కాదన్నా.”

“బస్సయితే హారనన్నా కొట్టేది కదమ్మా.”

చిట్టి తల్లికి నవ్వు రాబోయి, కళ్లనీళ్లు వచ్చాయి.

టైలరు తాత గొంతు తగ్గించాడు. “ఎవరి పిల్లల సంగతి వస్తే వాళ్లు బయటికెళ్లాలి. అది పద్ధతి. మా మనవడు కిటికీ అద్దం పగలగొట్టిన రోజు నేనూ వరండాలోనే కూర్చున్నా.”

“నేను వెళ్లిపోతే దాని తరఫున ఎవరు మాట్లాడతారు బాబాయ్?”

“మేం లేమా? ఈ గదిలో కూర్చున్నంతసేపూ బడిలో పిల్లలందరూ మన పిల్లలే. నీ చిట్టి ఒక్కతీ పరాయిదవుతుందా?”

ఆమె లేచి వరండాలోకి వెళ్లింది. వెళ్లిందన్న మాటేగానీ, కిటికీ పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. చిట్టిని ఈ బడికి పనికిరాదంటారు. ఏదో దూరపు బడికి పొమ్మంటారు. దారిలో రోడ్డు దాటాలి. లారీలు తిరిగే రోడ్డు. పేరు అడిగితే చెప్పని పిల్ల తప్పిపోతే ఎలా దొరుకుతుంది? ఆమె ఊహలో చిట్టి అప్పటికే తప్పిపోయింది.

లోపల చిట్టిని పిలిపించారు. టైలరు తాత బల్లల మధ్య నుంచి ఎలాగో బయటపడి, నేలమీద పిల్లకెదురుగా చతికిలబడ్డాడు.

“ఎవరన్నా కొడుతున్నారా తల్లీ?”

చిట్టి తల అడ్డంగా ఊపింది.

“టీచరంటే భయమా?”

మళ్లీ అడ్డంగా ఊపింది. పెద్ద టీచరు తేలిగ్గా ఊపిరి వదిలింది.

“బడి నచ్చలేదా?”

అడ్డంగానే.

“అన్నీ బాగానే ఉన్నాయన్నమాట. మరి ఇంట్లో అన్ని కబుర్లు చెప్పేదానివి, ఇక్కడెందుకమ్మా మాట్లాడవు?”

దీనికి తల ఊపితే సరిపోదు. చిట్టి గౌను అంచు వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది. పెద్ద టీచరు ఏదో అనబోతే తాత చెయ్యెత్తి ఆపాడు. కండక్టరు దగ్గు వస్తుంటే మింగేశాడు. పక్క తరగతి ఎక్కాలు చదవడం మొదలుపెట్టి ముగించింది. బయట తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఊపిరి బిగబట్టింది.

చిట్టి గుమ్మం వైపు చూసింది. అమ్మ కనబడలేదు. తాత దగ్గరికి జరిగి, బడిలో మొదటిసారి నోరు విప్పింది.

“నేను మాట్లాడితే అమ్మని ఇక్కడికి రానివ్వరు కదా తాతా. ఇంట్లో ఒక్కతే ఉంటే అమ్మకి భయం.”