అయిదో బొంత

"ముడి ఇంకాస్త బిగించవే సువర్ణా. సందులోంచి చూసి చెప్పిందంటారు రేపు," అంది వీరాయమ్మ.

కోడలు సువర్ణ అత్తగారి కళ్ళకు కట్టిన తువ్వాలును మరోసారి బిగించింది. అంబాజీపేటలోని వాళ్ళ అరుగు చుట్టూ వీధిలోని ఆడవాళ్ళంతా మూగారు. అరుగు మీద అయిదు బొంతలు వరసగా పరిచి ఉన్నాయి.

తొంభై ఆరు తుపానులో కోనసీమ ఇళ్ళలో బొంతలు చాలావరకు నాని పాడైపోయాయి. మరుసటి ఏడు అమలాపురం కొట్టాయన ఒకేసారి యాభై బొంతలు కావాలన్నాడు. మిషను కొందామంది సువర్ణ. నలభై ఏళ్ళుగా చేత్తోనే బొంతలు కుడుతున్న వీరాయమ్మ ససేమిరా అంది.

"మిషను కుట్టులో మనిషి కనపడదే. చెయ్యన్నాక అలుపొస్తుంది. ఓ కుట్టు పొడుగు, ఓ కుట్టు పొట్టి. వేలు పెట్టి చెప్పేస్తాను ఏది ఏదో."

"చెప్పలేకపోతే మిషను కొందామా, అత్తయ్యగారూ?"

"కొందాం. చెబితే మాత్రం ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకూడదు."

అదీ పందెం. ఒక బొంత టైలరు కృపారావు మిషను మీద కుట్టి తెచ్చాడు. మిగతా నాలుగూ సువర్ణ ఆ ఇంటా ఈ ఇంటా అడిగి తెచ్చిన చేతికుట్టు బొంతలు.

వీరాయమ్మ మొదటి బొంత తడిమింది. "చేతిదే. కుట్టినావిడెవరో గాని మహా తొందర మనిషి."

అందరూ గొల్లుమన్నారు.

రెండోదాని మీద చెయ్యి కాసేపు ఆగింది. "ఇదీ చేతిదే. వంకర్లు పోయింది. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నారు, పాపం."

కృపారావు తల దించుకున్నాడు.

మూడోది చేతిదే. నాలుగోదీ అంతే. జనం ముందుకు జరిగారు.

అయిదో బొంత మీద వీరాయమ్మ వేళ్ళు ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్ళాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి. ముఖం వెలిగిపోయింది.

"దొరికింది. ఒక్క కుట్టు హెచ్చు లేదు, తగ్గు లేదు. ఎక్కడా చెయ్యి అలవలేదు. మనిషి వల్ల అయ్యే పని కాదిది. ఇదే మిషనుది."

చప్పట్లు మోగాయి.

"ఏం కృపారావూ, అవునా కాదా?"

"ఆయ్... నాది రెండోదండి," అన్నాడు కృపారావు నసుగుతూ. "మీరు కనిపెట్టేస్తారని కావాలనే వంకర్లు పోనిచ్చేను."

చప్పట్లు ఆగిపోయాయి. వీరాయమ్మ చెయ్యి ఇంకా అయిదో బొంత మీదే ఉంది.

"మరి ఇదెవరు కుట్టేరే?" అంది మెల్లగా.

పందెం గెలిచిన సువర్ణ వెనక నుంచి తువ్వాలు ముడి విప్పుతోంది.

"మీరేనండి, అత్తయ్యగారూ."